నాట్యం నేర్చుకునే పిల్లలకి సర్కారు సాయం: మీ ప్రశ్నలు, నా జవాబులు

కిందటి సంచికలో డ్యాన్స్ నేర్చుకునే పిల్లలకి ప్రభుత్వం ఇచ్చే స్కాలర్‌షిప్‌ల గురించి రెండు మాటలు రాశాను. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. చాలామంది అడిగినవి దగ్గర దగ్గరగా ఉన్నాయి కాబట్టి ఐదింటిని తీసుకుని కాస్త వివరంగా రాస్తున్నాను. ముప్పై ఏళ్లుగా ఈ ఊళ్లో కూచిపూడి నేర్పుతున్నాను, పిల్లల ఫారాలు నా చేత్తో నింపాను, కొన్ని వచ్చాయి, కొన్ని రాలేదు. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

మా అమ్మాయికి పదకొండేళ్లు. నాలుగేళ్లుగా కూచిపూడి నేర్చుకుంటోంది. మావారు ఆటో నడుపుతారు, నేను ఇంట్లో బట్టలు కుడతాను. నెలకి ఫీజు పదిహేను వందలు, ప్రోగ్రామ్ ఉన్నప్పుడు కాస్ట్యూమ్ అద్దె, మేకప్ ఖర్చు వేరే. ప్రభుత్వం నుంచి ఏదైనా సాయం దొరుకుతుందా మేడమ్? అరంగేట్రానికి కూడా ఇస్తారా?
– ఒక తల్లి, మల్కాజిగిరి

అమ్మా, మీరు సరైన టైమ్‌లో అడిగారు, అందుకు ముందు సంతోషంగా ఉంది. కేంద్ర సాంస్కృతిక శాఖ కింద సీసీఆర్‌టీ (సెంటర్ ఫర్ కల్చరల్ రిసోర్సెస్ అండ్ ట్రైనింగ్) అనే సంస్థ ఉంది. 1979లో పెట్టారు, హెడ్ ఆఫీసు ఢిల్లీలోని ద్వారకలో ఉన్నా మన మాదాపూర్‌లోనే దాని ప్రాంతీయ కేంద్రం ఉంది. వాళ్లు 'కల్చరల్ టాలెంట్ సెర్చ్ స్కాలర్‌షిప్' అని ఇస్తారు. వయసు 10 నుంచి 14 లోపు ఉండాలి, గుర్తింపు ఉన్న స్కూల్లో చదువుతుండాలి, గురువు దగ్గర నేర్చుకుంటూ ఉండాలి. దేశం మొత్తానికి ఏడాదికి 650 మందిని తీసుకుంటారు. నాట్యంతో పాటు సంగీతం, చిత్రకళ, నాటకం లాంటివన్నీ అందులోనే.

ఎంత ఇస్తారంటే ఏడాదికి 3,600 రూపాయలు, దానికి తోడు గురువుకి కట్టిన ఫీజులో ఏడాదికి 9,000 వరకు తిరిగి ఇస్తారు. మీరు ఏడాదికి 18,000 ఫీజు కడుతున్నారు, అంటే అందులో సగం వస్తుంది, పైన నెలకి మూడు వందలు. ఈ మొత్తం పెంచాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను, ఎందుకంటే ఈ రోజుల్లో మూడు వందలకి సిటీలో ఒక్క ప్రోగ్రామ్‌కి మేకప్ కూడా కాదు. అయినా వదులుకోవద్దని ఎందుకంటున్నానంటే, ఈ స్కాలర్‌షిప్ ఒక్క ఏడాదితో అయిపోదు. పాప బాగా చేస్తున్నంత కాలం రెండేళ్లకోసారి రెన్యువల్ చేస్తూ 20 ఏళ్లు వచ్చేదాకా, లేదా మొదటి డిగ్రీ అయ్యేదాకా ఇస్తారు. మీ పాపకి ఇప్పుడు వస్తే తొమ్మిదేళ్లు, మొత్తం కలిపితే లక్ష దాటుతుంది. అదే 14 దాటాక అడిగితే ఈ దారి మూసుకుపోతుంది, మళ్లీ 18 వచ్చేదాకా ఆగాల్సిందే. ఇంటర్ వయసులో మధ్యలో మానేసే ఆడపిల్లల్ని నేను ప్రతి ఏడూ చూస్తున్నాను, ఫీజు ఒక కారణం, చదువు టెన్షన్ ఇంకో కారణం. ఆ వయసులో చేతిలో ఏదో ఒక స్కాలర్‌షిప్ ఉన్న పిల్ల, దాని కోసమైనా క్లాసుకి వస్తూ ఉంటుంది. నా దగ్గర అలా నిలబడ్డవాళ్లు ఉన్నారు.

నా దగ్గరే ఒక తప్పు కూడా జరిగింది, చెప్పాలి. చాలా ఏళ్ల కిందట ఒక పాప, ఎంత చక్కగా చేసేదంటే తరంగంలో (కూచిపూడిలో ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి చేసే ఐటమ్) పళ్లెం మీద నిలబడితే చూసేవాళ్లు ఊపిరి బిగపట్టేవాళ్లు. 'ఇంకో ఏడాది సాధన చేయిద్దాం, అప్పుడు పంపుదాం' అనుకున్నాను. ఆ ఇంకో ఏడాదిలో దాని వయసు దాటిపోయింది. ఇంట్లో ఇబ్బంది వచ్చి పదో తరగతిలో మానేసింది. అందుకే ఇప్పుడు నా దగ్గరికి వచ్చిన ప్రతి బిడ్డ పుట్టిన తేదీ పుస్తకంలో రాసుకుంటాను, పదేళ్లు నిండగానే ఇంటికి ఫోన్ చేస్తాను.

సెలక్షన్ ఎలా ఉంటుందో కూడా చెబుతాను. పాపని నిపుణుల ముందు చేయిస్తారు. చాలామంది ఒక పది నిమిషాల ఐటమ్ రికార్డింగ్‌కి గట్టిగా నేర్పించి పంపుతారు, అక్కడ వాళ్లు దాన్ని మధ్యలో ఆపి 'ఈ అడవు రెండో కాలంలో చెయ్యి' (అడవు అంటే నాట్యంలో ప్రాథమిక అడుగు, కాలం అంటే వేగం), 'ఈ జతి చేత్తో తాళం వేస్తూ చెప్పు' (జతి అంటే అడుగులకి తగ్గ తాళపు మాటలు), 'ఇది ఏ రాగం' అని అడిగేసరికి పిల్ల బిక్కమొహం వేస్తుంది. కాబట్టి అడవులు మూడు కాలాల్లో, జతులు నోటితో చెప్పడం, అసంయుత, సంయుత హస్తాల (ఒంటి చేత్తో, రెండు చేతులతో పట్టే ముద్రల) శ్లోకాలు, తను చేసే ఐటమ్‌కి అర్థం, ఇవి రోజూ అరగంట చూపించమని గురువు గారిని అడగండి. అడగడానికి మొహమాటపడకండి, అది మీ హక్కు.

పుట్టిన తేదీ సర్టిఫికెట్, స్కూల్ బోనఫైడ్, గురువు గారి సర్టిఫికెట్, పాప పేరు మీద ఆధార్ లింక్ చేసిన బ్యాంకు ఖాతా ఇప్పుడే సిద్ధం చేసుకోండి. నోటిఫికేషన్ వచ్చాక వీటికోసం పరిగెడితే గడువు దాటిపోతుంది. మీసేవలో ఆదాయ సర్టిఫికెట్ కూడా తీసి పెట్టుకోండి, ఇక్కడ అడగకపోయినా ఇంకో చోట తప్పకుండా పనికొస్తుంది.

అరంగేట్రానికి డబ్బిచ్చే పథకం నాకు తెలిసి ఏదీ లేదు, ఉండాలని కూడా నేను అనుకోను. హాలు, లైవ్ ఆర్కెస్ట్రా, పూలు, కార్డులు, భోజనాలు, వీడియో... అప్పు చేసి అరంగేట్రం చేసిన కుటుంబాలు నాకు తెలుసు, ఆ మర్నాటి నుంచి పిల్ల క్లాసుకి రాలేదు, ఎందుకంటే ఫీజుకి డబ్బుల్లేవు. ఒక గుడిలోనో, కాలనీ కమ్యూనిటీ హాల్లోనో చేసినా గజ్జెపూజ గజ్జెపూజే. మీకు సికింద్రాబాద్ దగ్గర కాబట్టి ఒకసారి భక్త రామదాసు ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాలకి వెళ్లి రండి. రాంకోఠిలో త్యాగరాజ కళాశాల ఎలాగో అక్కడ అది అలాగ. సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులు ఉంటాయి, ఫీజు ప్రైవేటు క్లాసులతో పోలిస్తే చాలా తక్కువ, చివర్లో చేతికి వచ్చేది ప్రభుత్వ సర్టిఫికెట్. ఉన్న గురువుని మానేయమని అనను, ఏది మీకు కుదురుతుందో మీరే చూసుకోండి.

మా పాపకి పదమూడేళ్లు, ఆరేళ్లుగా బ్యాలే నేర్చుకుంటోంది, లండన్ బోర్డు గ్రేడ్ పరీక్షలు కూడా రాసింది. ఇంగ్లండులో బ్యాలే పిల్లలకి ప్రభుత్వమే ఫీజు కడుతుందట. మన దగ్గర అలాంటిది ఉందా? అక్కడ చేర్చాలంటే ఏదైనా సాయం దొరుకుతుందా?
– ఒక తండ్రి, మియాపూర్

ముందు ఒక మాట గురించి జాగ్రత్త చెప్పాలి. మన హైదరాబాద్‌లో బ్యాలే అంటే రెండు అర్థాలున్నాయి. నా చిన్నప్పుడు రవీంద్ర భారతికి వెళ్తే కార్డు మీద 'కూచిపూడి బ్యాలే' అని ఉండేది, అంటే నృత్య నాటకం అని. ఇప్పటికీ పెద్దవాళ్లు అలాగే అంటారు. మీరు అడిగేది పాశ్చాత్య బ్యాలే. ఎక్కడ ఏ ఫారం నింపినా ఈ తేడా స్పష్టంగా రాయండి, లేకపోతే చూసేవాళ్లు మీ పాపది నృత్య రూపకం అనుకునే ప్రమాదం ఉంది.

అసలు విషయానికొస్తే, మన కేంద్ర స్కాలర్‌షిప్‌ల జాబితాలో భరతనాట్యం, కథక్, కూచిపూడి, కథకళి, మోహినియాట్టం, ఒడిస్సీ, మణిపురి, సత్రియ, ఛౌ లాంటివి ఉన్నాయి, పాశ్చాత్య బ్యాలే లేదు. ప్రభుత్వం నడిపే బ్యాలే స్కూలు కూడా మన దేశంలో లేదు. ఇది చదివి మీకు బాధ కలుగుతుందని తెలుసు, కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పడం మంచిది.

ఇంగ్లండు సంగతి మీరు విన్నది నిజమే. అక్కడ 'మ్యూజిక్ అండ్ డ్యాన్స్ స్కీమ్' కింద రాయల్ బ్యాలే స్కూల్, ఎల్మ్‌హర్స్ట్ లాంటి స్కూళ్లలో ఎంపికైన పిల్లల ఫీజుని తల్లిదండ్రుల ఆదాయాన్ని బట్టి ప్రభుత్వం భరిస్తుంది. ఆదాయం తక్కువైతే ఎక్కువ సాయం, ఎక్కువైతే తక్కువ. పదహారేళ్లు దాటి వృత్తి శిక్షణలో చేరేవాళ్లకి 'డ్యాన్స్ అండ్ డ్రామా అవార్డ్స్' అని ఇంకొకటి ఉంది, అదీ ఆదాయాన్ని చూసే ఇస్తారు. నాకు ఈ పద్ధతిలో బాగా నచ్చేది ఒకటే, ముందు పిల్ల ప్రతిభ చూస్తారు, సీటు ఇచ్చాక ఇంటి పరిస్థితి చూసి ఎంత కట్టగలరో తేలుస్తారు. మన దగ్గర అందరికీ ఒకే 3,600. ఆటో నడిపే ఇంటికీ అంతే, అపార్ట్‌మెంట్లు కట్టే ఇంటికీ అంతే. దీన్ని మార్చాలి.

కానీ ఆ డబ్బు అక్కడ నివాసం ఉండేవాళ్ల పిల్లలకి. ఇక్కడి నుంచి వెళ్లే పాప విదేశీ విద్యార్థి లెక్కలోకి వస్తుంది, పూర్తి ఫీజు కట్టాలి. ముంబయిలో వెల్డింగ్ పని చేసే తండ్రి కొడుకు అమీరుద్దీన్ షా 2017లో రాయల్ బ్యాలే స్కూల్‌కి వెళ్లాడు, ఢిల్లీలో ఈ-రిక్షా నడిపే తండ్రి కొడుకు కమల్ సింగ్ 2020లో ఇంగ్లిష్ నేషనల్ బ్యాలే స్కూల్‌కి వెళ్లాడు. ఆ ఇద్దరి కోసం జనం ఇంటర్నెట్‌లో చందాలు వేశారు. ఆ పిల్లల్ని తలుచుకుంటే నాకు ఎంత గర్వంగా ఉంటుందో, ఇంత పెద్ద దేశం వాళ్ల కోసం ఒక పద్దు పెట్టలేదే అని అంత బాధగానూ ఉంటుంది. మన రాష్ట్రంలో బీసీ, ఎస్సీ, ఎస్టీ, మైనారిటీ విద్యార్థులకి విదేశీ విద్యానిధి పథకాలున్నాయి, అయితే అవి పీజీ, ఆపై చదువులకే. పదహారేళ్ల పిల్ల బ్యాలే స్కూల్లో చేరడానికి పనికిరావు.

ఇప్పుడు మీరు చేయగలిగింది చెబుతాను. చేర్చాలనుకునే స్కూలుకి ముందుగానే ఈమెయిల్ రాసి, విదేశీ పిల్లలకి స్కూలు తన నిధుల నుంచి ఫీజు తగ్గింపు ఇస్తుందా, ఇస్తే ఎంత, ఏటా ఇస్తుందా, మొదటి ఏడాదికేనా అని రాతపూర్వకంగా అడగండి. ఫీజు ఒక్కటే చూసి లెక్క వేసుకోవద్దు, హాస్టల్, వీసా, ఇన్సూరెన్స్, పైగా పాయింట్ షూస్ (మునివేళ్ల మీద నిలబడి చేయడానికి వేసుకునే బ్యాలే బూట్లు) ఉన్నాయి, గట్టిగా సాధన చేసే పిల్లకి ఒక జత కొన్ని వారాల్లోనే అరిగిపోతుంది.

ఇంకో ప్రశ్న మీరు అడగలేదు గానీ చాలామంది నన్ను అడుగుతుంటారు, స్కాలర్‌షిప్ కోసం బ్యాలే మాన్పించి భరతనాట్యంలో వేయమంటారా అని. వద్దు. పదమూడేళ్ల పిల్ల ఆరేళ్ల కష్టాన్ని ఏడాదికి 3,600 కోసం వదిలేయడం అన్యాయం. తనకే ఇష్టం కలిగి రెండోది కూడా నేర్చుకుంటానంటే అది వేరే మాట. రుక్మిణీదేవి అరండేల్ ముందు బ్యాలేనే నేర్చుకున్నారు, రష్యన్ బ్యాలే నర్తకి అన్నా పావ్లోవా బృందంలోని క్లియో నోర్డి దగ్గర. మీ దేశపు నాట్యం కూడా చూడమని పావ్లోవా చెప్పాకే ఆవిడ భరతనాట్యం వైపు వచ్చి 1936లో కళాక్షేత్ర అనే నాట్య సంస్థ పెట్టారు. అదే కళాక్షేత్ర ఇప్పుడు కేంద్ర సాంస్కృతిక శాఖ కింద నడుస్తోంది. ఒకటి నేర్చుకుంటే ఇంకొకటి చెడిపోతుందని ఎవరైనా మీ పాపని భయపెడితే వినకండి.

నాకు ఇరవై ఏళ్లు, బీకాం రెండో సంవత్సరం. తొమ్మిదేళ్లుగా భరతనాట్యం నేర్చుకుంటున్నాను. ఇప్పుడు నాకేమైనా స్కాలర్‌షిప్ ఉందా? డిగ్రీ తర్వాత డ్యాన్స్‌లోనే పీజీ చేయాలని ఉంది, ఇంట్లో అన్నం పెట్టదు అంటున్నారు.
– దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక విద్యార్థిని

తల్లీ, నీ వయసుకి సరిపోయేది ఉంది. సాంస్కృతిక శాఖ యువ కళాకారుల స్కాలర్‌షిప్, 18 నుంచి 25 ఏళ్ల వాళ్లకి. నెలకి 5,000 చొప్పున రెండేళ్లు, దేశం మొత్తానికి 400 మందికి. గురువు దగ్గరో సంస్థలోనో కనీసం ఐదేళ్లు నేర్చుకుని ఉండాలి, నీకు తొమ్మిదేళ్లు అయ్యాయి కాబట్టి ఆ విషయంలో దిగులు లేదు. ఐదేళ్ల శిక్షణ అయిందని గురువు గారు ఇచ్చే ఉత్తరంలో ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు అని తేదీలతో రాయించుకో, 'చాలా ఏళ్లుగా' అని రాస్తే నిలవదు.

ఒక్కటి గుర్తుపెట్టుకో. ఈ డబ్బు నెల నెలా రాదు, ఆరు నెలలకోసారి నాలుగు విడతలుగా వస్తుంది, ఒక్కో విడత 30,000. మధ్యలో నీ శిక్షణ ఎలా సాగుతోందో రిపోర్టు పంపాలి. రిపోర్టు ఆలస్యమైతే డబ్బూ ఆలస్యమవుతుంది. నా శిష్యురాలు ఒకమ్మాయి ఈ డబ్బు వస్తుందని ముందే రూమ్ అద్దెకి తీసుకుని మూడు నెలలు అవస్థ పడింది. డబ్బు ఖాతాలో పడ్డాక ఖర్చు పెట్టు, ముందు కాదు.

పీజీ విషయంలో అమ్మానాన్నలతో నెమ్మదిగా మాట్లాడు, వాళ్ల భయం అర్థం లేనిది కాదు. గచ్చిబౌలిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సరోజినీ నాయుడు స్కూల్ కింద డ్యాన్స్ డిపార్ట్‌మెంట్ ఉంది, అక్కడ ఎంపీఏ (ప్రదర్శన కళల్లో పీజీ) చేయొచ్చు. మన తెలుగు విశ్వవిద్యాలయంలో కూడా నృత్యంలో పీజీ ఉంది. నువ్వు రాష్ట్ర యూనివర్సిటీలో చేరితే, కుటుంబ ఆదాయం సిటీలో ఏడాదికి రెండు లక్షల లోపు ఉంటే ఈపాస్‌లో (రాష్ట్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్‌ల వెబ్‌సైట్) ఫీజు రీయింబర్స్‌మెంట్ గురించి కాలేజీ ఆఫీసులో అడుగు. పీజీ తర్వాత యూజీసీ నెట్ (కాలేజీ లెక్చరర్ అర్హతకి, పరిశోధన ఫెలోషిప్‌కి పెట్టే జాతీయ పరీక్ష) రాయొచ్చు, ప్రదర్శన కళల్లో నృత్యానికి పేపరు ఉంది. అందులో జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే నెలకి 37,000. ఇంట్లో వాళ్లకి ఈ అంకె చూపించు, నిజంగా మనసు మారుతుంది. అది సులువుగా వచ్చేది కాదని కూడా చెప్పు, ఎందుకంటే దానికి నాట్యశాస్త్రం, అభినయ దర్పణం లాంటి పాత గ్రంథాల నుంచి ప్రాంతీయ సంప్రదాయాల దాకా గట్టిగా చదవాలి. నువ్వు బీకాం చదువుతూనే వారానికి రెండు గంటలు దానికి కేటాయిస్తే మూడేళ్లలో చాలా దూరం వెళ్తావు.

నేను బోరబండలో ఇంట్లోనే పిల్లలకి కూచిపూడి నేర్పుతున్నాను. ఇరవై మంది ఉన్నారు, సగం మంది ఫీజు ఇవ్వలేరు. వాళ్లని పంపించేయలేను. నాకు ఏదైనా సాయం ఉందా?
– ఒక టీచరు

మీలాంటి వాళ్ల వల్లే ఈ కళ బస్తీల్లో బతికి ఉంది, ముందు మీకు నమస్కారం. సాంస్కృతిక శాఖలో గురు–శిష్య పరంపర సాయం ఉంది, దాన్నే రెపర్టరీ గ్రాంట్ అని కూడా అంటారు. గురువుకి నెలకి 15,000, శిష్యులకి వయసుని బట్టి 2,000 నుంచి 10,000 వరకు, నృత్యంలో అయితే ఒక గురువు కింద 10 మంది దాకా. కానీ ఇది వ్యక్తికి రాదు, సంస్థకి వస్తుంది. సొసైటీగానో ట్రస్టుగానో రిజిస్టర్ చేసి ఉండాలి, ఎన్‌జీవో దర్పణ్‌లో (స్వచ్ఛంద సంస్థల కోసం కేంద్రం పెట్టిన వెబ్‌సైట్) నమోదు ఉండాలి, లెక్కలు ఆడిట్ అయి ఉండాలి, చేసిన ప్రదర్శనల ఆధారాలు చూపించాలి. కాబట్టి ఈ ఏడాదే అప్లై చేసే తొందర వద్దు. ఇవాళ్టి నుంచి హాజరు పుస్తకం పెట్టండి, ప్రతి ప్రోగ్రామ్ ఫోటో, ఆహ్వాన పత్రం, పేపర్లో వచ్చిన చిన్న ముక్క కూడా దాచండి. ఒక సీఏని అడిగి సొసైటీ రిజిస్ట్రేషన్ మొదలుపెట్టండి. గ్రాంట్ వచ్చిన రోజున శిష్యుల ఖాతాల్లో పడిన డబ్బు పూర్తిగా వాళ్ల దగ్గరే ఉండనివ్వండి, అందులోంచి ఫీజు అని తీసుకునే పద్ధతి అక్కడక్కడా నేను చూశాను, అది పిల్లల సొమ్ము. ఈలోపు, మీ ఇరవై మందిలో పది నుంచి పద్నాలుగేళ్ల వాళ్లు ఎవరో చూసి, వాళ్లందరి చేతా మల్కాజిగిరి అమ్మకి పైన చెప్పిన స్కాలర్‌షిప్ ఫారం నింపించండి.

మా తాత చిందు యక్షగానం కళాకారుడు, ఎనభై దాటాయి. నాకు పన్నెండేళ్లు, ఆయన దగ్గరే నేర్చుకుంటున్నాను. ఈ స్కాలర్‌షిప్‌లు శాస్త్రీయ నృత్యాలకేనా?
– ఉప్పల్ నుంచి ఒక అబ్బాయి (వాళ్ల అక్క రాసి పంపింది)

లేదు నాన్నా, నీకూ ఉంది, ఒక రకంగా నీకు ఇంకా ఎక్కువ అవకాశం ఉంది. మల్కాజిగిరి అమ్మకి చెప్పిన సీసీఆర్‌టీ స్కాలర్‌షిప్‌లు 650 కదా, వాటిలో 125 తరతరాలుగా కళనే వృత్తిగా చేసుకున్న కుటుంబాల పిల్లలకి విడిగా ఉంచారు. ఫారంలో కళ పేరు 'జానపద నృత్యం' అని రాయకుండా 'చిందు యక్షగానం' అనే రాయించు. గురువు పేరు దగ్గర తాతగారి పేరు రాస్తే సరిపోతుందా, వేరే కాగితం ఏమైనా కావాలా అని అక్కని ఒకసారి మాదాపూర్‌లోని సీసీఆర్‌టీ కేంద్రానికి వెళ్లి అడగమను. ఆదాయ సర్టిఫికెట్ మాత్రం తప్పకుండా పట్టుకెళ్లండి. తాతగారికి ఓపిక ఉన్న రోజు చూసుకుని, ఆయన వేషం కట్టి నీకు అడుగులు చెబుతుండగా అక్క ఫోన్‌లో వీడియో తీయండి, పాటలు ఆయన నోటితోనే పాడించండి. దాన్ని రెండు చోట్ల దాచండి. సెలక్షన్‌కి వెళ్లే ముందు నాకు ఇంకో ఉత్తరం రాయి, నీ దరువులు వినాలని ఉంది.